లోవ్రో పద్దు

ఇద్రీత్సా ఏటి వంతెన దాటగానే మా కొట్టు.
మేకులూ, లాంతరు గాజులూ, గాలాలూ ఒకే బల్ల మీద.
నాన్న మొదలెట్టిన ఖాతా పుస్తకంలో
నలభై రెండో పుట మొత్తం ఒక్కడిదే.

మొదటి పద్దుకి ధర లేదు.
"హేజెల్ కర్ర, వాడే కోసుకున్నాడు.
గాలాలు మూడు, అరువు."
అప్పటికి లోవ్రోకి పదకొండేళ్లు.
దారం మాత్రం గుర్రం తోకది,
తపాలా బండి ముందు అది నిలబడి కునుకుతుంటే
పీకాడట.
అది తన్నిన మచ్చ మోకాలి మీద ఇంకా ఉంది,
అడక్కపోయినా చూపిస్తాడు.

తర్వాత గనిలో చేరాడు.
మా ఊరి కొండ కడుపులో ఇంగిలీకం,
దాని కడుపులో పాదరసం.
మొదటి జీతం అందిన శనివారం
వెదురు కడ్డీ, మూడు ముక్కలది,
ఇత్తడి అతుకులు, ఆరు వాయిదాలు.
ఐదు కట్టినట్టుంది. ఆరో గడి ఖాళీ.
నాన్న అడగలేదు, నేనూ అడగను.

నైలాన్ దారం మా పద్దుల్లో దొరకదు.
అది సరిహద్దు అవతల నుంచి,
పావ్లా లంగా మడతలో వచ్చింది.
సుంకం అధికారి ఆమె కాఫీ సంచి తూచి, మళ్లీ తూచి,
లంగా జోలికి పోలేదు.
ఆ ఏడే పెళ్లి.

గాజు పీచు కడ్డీ, పచ్చరంగు, నగదు.
దాని కిందే సగం పొడుగుది ఇంకొకటి,
కూతురు నేజాకి.
ఆ పిల్ల దాంతో అక్రోటు కాయలు రాల్చింది,
చేప మొహం చూడలేదు.

డెబ్బై ఎనిమిది నుంచి గాలాల నంబరు దిగుతూ వచ్చింది:
పద్దెనిమిది, పదహారు, పన్నెండు.
నంబరు తగ్గితే గాలం పెద్దది.
తెలియనివాళ్లు ఏట్లో చేపలు పెరిగాయనుకుంటారు.
పెరిగింది చేతి వణుకు.
గని విడిచిపెట్టినా పాదరసం విడిచిపెట్టదు,
వేళ్లలో కాపురం పెడుతుంది.

ఆ తర్వాత రెండేళ్లు ఒక్క ఎరా కొనలేదు.
మానేశాడనుకున్నాం.
ఇంట్లో పావ్లా కడుతోంది,
లేసు దారంతో, కోడి మెడ ఈకలతో,
దిండు మీద కొయ్య కండెలు పక్కకి జరిపి.
ట్రౌట్ చేప నోట్లోంచి తీసిన ఈకల ఈగని
ఓసారి బల్ల మీద పెట్టాడు.
చెక్కు చెదరలేదు. నడుము దగ్గర
బల్లగుడ్డ అంచుకి వేసే అల్లిక.

గని మూశారు. దినార్లు పోయి తోలార్లొచ్చాయి.
కార్బన్ కడ్డీ అమ్మింది నేనే,
ఉత్తరం అంత బరువు ఉండదని చెప్పి.
వెదురు ఎంత వణుకునైనా తనలో మింగేసేది.
ఇది మింగదు.
మణికట్టు దగ్గరిది కొస దాకా మోసుకెళ్లి
నీళ్ల మీద పెట్టేస్తుంది.
డబ్బు వాపసు అడుగుతాడని భయపడ్డాను.
వచ్చాడు. నవ్వుతున్నాడు.
ఆ వణుక్కి ఈకల ఈగ ప్రాణమున్నట్టే కొట్టుకుంటోందట.
ఆ వేసవి ఏటి పొడవునా
అతనికి పడ్డన్ని ఎవరికీ పడలేదు.
పట్టినవన్నీ వదిలేశాడు.
గనివాడు ఈ ఏటి చేప తినడు.

ముల్లు లేని గాలాలు.
నీళ్లలో ఆనుకునే చేతికర్ర, దాని రబ్బరు తొడుగు.
రెండు వేల ఆరు, ఏప్రిల్:
"కట్టి ఉన్న ఎరలు, ప్యాకెట్టు, ఒకటి."
పావ్లాని పూడ్చిన రోజు నేనూ మట్టి వేశాను.
అయినా ఆ పద్దు రాస్తుంటే
కలం కాసేపు కదల్లేదు.

మొన్న గురువారం వాన.
దారమూ గాలమూ బల్ల మీద పెట్టి
"ముడి వెయ్యి" అన్నాడు.
ముప్పై ఏళ్లుగా దారం అమ్ముతున్నాను,
నాకు ముడి రాదు.
"కంట్లోంచి తియ్యి. ఐదు మెలికలు.
కాదు, అటు కాదు. ఉమ్ముతో తడుపు."
మూడోసారికి బిగిసింది.
గాలం నా వేళ్ల మధ్య ఉంచి
ఆ కొస పట్టుకుని లాగి చూశాడు.
దారం వెంట వచ్చి తగిలింది వణుకు,
సన్నగా, ఆగకుండా,
చేపలకి ఇన్నేళ్లూ తెలిసిందే.

అతను వెళ్లాక పుస్తకం తీశాను.
"ముడి, ఒకటి."
ధర గడిలో ఏమీ రాయలేదు.